ఎదిగే పిల్లలు – ఎరిగిన తల్లిదండ్రులు

దంపతులారా!

ఆరోగ్య కేంద్రంలో ఇంతవరకు మీ చేతికి వచ్చిన కరపత్రాలు చాలావరకు పుట్టబోయే బిడ్డ గురించి ఉంటాయి. మొదటి కాన్పు ఎప్పుడు, రెండో బిడ్డకు ఎంత ఎడం, ఆపరేషన్ ఎప్పుడు – ఇలా. ఈ కరపత్రం మాత్రం ఇప్పటికే మీ ఇంట్లో తిరుగుతున్న బిడ్డ గురించి. నిన్నమొన్నటి దాకా మీ కొంగు పట్టుకుని తిరిగి, ఇప్పుడు పిలిస్తే పలకకుండా మూల గదిలో కూర్చునే బిడ్డ గురించి.

"కుటుంబ నియంత్రణకూ, ఎదిగిన పిల్లలకూ సంబంధం ఏమిటి?" అని మీరు అడగవచ్చు. సంబంధం ఉంది. మీ కుటుంబం ఇద్దరు బిడ్డలతో ఆగింది, మంచిదే. కాని ఆ ఇద్దరిలో ఆడపిల్లకు పదహారో ఏట పెళ్లి చేసి, పదిహేడో ఏట పురుటి మంచం ఎక్కిస్తే, మీరు పాటించిన నియమం ఎవరికి పనికొచ్చినట్టు? చిన్న కుటుంబం ఆపరేషన్‌తో మొదలు కాదు. బిడ్డను సరైన వయసు దాకా ఆగి, సరైన బలంతో కాపురానికి పంపడంతో మొదలవుతుంది.

పాలు పోసుకునే చేను

వ్యవసాయం చేసే మీకు ఒక సంగతి చెప్పనక్కరలేదు. వరి వెన్ను తీసి పాలు పోసుకునే రోజుల్లో చేను చూడటానికి నిండుగా ఉంటుంది. దూరం నుంచి చూసినవాడు పంట చేతికి వచ్చేసిందనుకుంటాడు. గింజ నొక్కి చూసిన రైతుకు తెలుసు, లోపల ఇంకా పాలే అని. అప్పుడే నీరు తగ్గకూడదు. అప్పుడే తెగులు కనిపెట్టుకోవాలి. ఆ సమయంలో కొడవలి పెట్టే రైతు ఎక్కడా ఉండడు.

పది నుంచి పంతొమ్మిదేళ్ల వయసు అటువంటిది. దీన్నే కౌమారం అంటారు. ఆడపిల్లకు రొమ్ములు పెరుగుతాయి, ముట్టు మొదలవుతుంది. మగపిల్లవాడికి గొంతు బొంగురుపోతుంది, నూనూగు మీసాలు వస్తాయి. ఒళ్లు పెరిగినంత వేగంగా బుద్ధి కుదురుకోదు. కోపం, ఉత్సాహం, ఇష్టం ముందే వస్తాయి. ముందువెనకలు ఆలోచించే శక్తి మెదడులో అన్నిటికంటే ఆలస్యంగా, ఇరవై దాటాక గాని పూర్తిగా స్థిరపడదు. కాబట్టి "ఇంత పొడుగు పెరిగావు, ఆ మాత్రం తెలియదా?" అని గద్దించే ముందు ఒక్క నిమిషం ఆగండి. నిజంగానే తెలియదు.

పెద్దమనిషి కావడం అంటే

ఆడపిల్ల పెద్దమనిషి అయితే బంధువులను పిలిచి, చిమ్మిలి పెట్టి, చీర కట్టి వేడుక చేస్తాం. వేడుక చేయండి, తప్పు లేదు. కాని ఆ వేడుక చూసి ఊరంతా "ఇక పిల్ల పెళ్లికి వచ్చింది" అంటుంది. ఇక్కడే పొరపాటు జరుగుతోంది. పెద్దమనిషి కావడం అంటే బిడ్డను మోయడానికి శరీరం తయారైందని కాదు. తయారవడం మొదలైందని. ముట్టు వచ్చిన తరువాత కూడా కటి ఎముకలు కొన్నేళ్ల పాటు పెరుగుతూనే ఉంటాయి. బిడ్డ బయటికి రావలసిన దారి ఆ ఎముకల మధ్యదే.

తల్లీ, ఈ సంగతులు నీ కూతురికి ముట్టు రాకముందే నువ్వే చెప్పాలి. మొదటిసారి రక్తం చూసి, తనకు ఏదో పెద్ద జబ్బు వచ్చిందని ఏడ్చే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఇది మైల కాదు, జబ్బు కాదు, శరీర ధర్మం. బట్ట వాడితే సబ్బుతో ఉతికి, సిగ్గుపడి చాటున కాకుండా, ఎండలో ఆరవేయాలి. తడి ఆరని బట్టతో దురద, చర్మ వ్యాధులు వస్తాయి. మొదటి ఒకటి రెండేళ్లు ముట్టు సక్రమంగా రాకపోవచ్చు, భయం లేదు. పదిహేనేళ్లు నిండినా రాకపోతేనూ, వచ్చినప్పుడు మరీ ఎక్కువగా పోతుంటేనూ డాక్టరుకు చూపించండి.

ఇంకొకటి: రక్తం. మన రెండు రాష్ట్రాల్లోనూ పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల ఆడపిల్లల్లో పదిమందికి ఆరుగురిలో రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఆయాసం, తలతిరుగుడు, చదువు మీద ధ్యాస నిలవకపోవడం దీని గుర్తులు. "బద్ధకం" అని మనం తిట్టేది చాలాసార్లు రక్తం లేకపోవడమే. బడిలోనూ, అంగన్‌వాడీలోనూ వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను అన్నం తిన్న తరువాత వేసుకోవాలి. దాని వెంట టీ తాగకూడదు, నిమ్మరసం మంచిది. నులిపురుగుల మాత్ర ఏడాదికి రెండుసార్లు. మునగాకు, తోటకూర, రాగి సంగటి, వేరుశనగ ఉండ, గుడ్డు – ఇవి ఇంట్లో ఉన్నప్పుడు మగపిల్లవాడి కంచంలో పడినంతా ఆడపిల్ల కంచంలోనూ పడాలి.

భయంతో చేసే పెళ్లి

ఇలా అనుకుందాం. ఒక ఊళ్లో భార్యాభర్తలు కౌలు చేసుకుని బతుకుతున్నారు. కూతురు పదో తరగతి. బడి మూడు కిలోమీటర్లు. ఒకరోజు ఎవరో వచ్చి, "మీ పిల్ల బస్టాపు దగ్గర ఎవరితోనో మాట్లాడుతోంది" అన్నారు. తండ్రి రాత్రంతా నిద్రపోలేదు. పిల్లను అడగలేదు. అడగటానికి ఏం మాట వాడాలో ఆయనకు తెలియదు. తల్లి ఫోను లాక్కుంది. నెల తిరగకుండా మేనరికం కుదిరింది. "గుండెల మీద కుంపటి దిగిపోయింది" అనుకున్నారు.

కుంపటి దిగలేదు. పిల్ల నెత్తి మీదకు మారింది.

ఆ తండ్రి చెడ్డవాడు కాదు. ఆ తల్లికి ప్రేమ లేక కాదు. వాళ్లకున్నది భయం. ఊరి నోటికి భయం, పిల్ల ఎవరితోనైనా వెళ్లిపోతుందేమోనన్న భయం, వయసు పెరిగితే కట్నం పెరుగుతుందన్న భయం. మన ఊళ్లలో చిన్న వయసు పెళ్లిళ్లు ఎక్కువగా ఈ భయాల వల్లనే జరుగుతున్నాయి. పైన చెప్పిన సర్వే ప్రకారం, ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో వందకు 29 మంది, తెలంగాణలో వందకు 23 మందికి పైగా ఉన్నారు. పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లల్లో అప్పటికే తల్లయినవారు, గర్భంతో ఉన్నవారు కలిపి ఆంధ్రప్రదేశ్‌లో వందకు 12 మందికి పైగా, తెలంగాణలో దాదాపు ఆరుగురు.

ఆ పిల్ల ఒంటికి ఏమవుతుందో చూడండి. తన ఎదుగుదలకే చాలని తిండి, కడుపులో బిడ్డతో పంచుకోవాలి. రక్తం అసలే తక్కువ. రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదం – ఊళ్లలో గుర్రపువాతం అంటారు – ఈ వయసు తల్లులకు ఎక్కువ. దారి ఇరుకై కాన్పు కష్టమవుతుంది. నెలలు నిండకుండా పుట్టడం, రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టడం వీరి బిడ్డల్లో ఎక్కువ. అలా బరువు తక్కువగా పుట్టిన ఆడబిడ్డ రేపు మళ్లీ బలహీనమైన తల్లి అవుతుంది. ఒక్క తొందర రెండు తరాలను తింటుంది.

ఒంటి సంగతి ఒక్కటే కాదు. చదువు ఆగిపోతుంది. కొత్త ఇంట్లో తనకంటే వయసులో పెద్దవాడైన భర్తతో, "ఇప్పుడే బిడ్డ వద్దు" అనే ధైర్యం పదహారేళ్ల పిల్లకు ఉండదు. మీ ఇంట్లో మీకే నోరు విప్పి చెప్పుకోలేని పిల్ల, అత్తవారింట్లో ఎవరికి చెప్పుకుంటుంది?

చట్టం ఏమంటుంది

ఆడపిల్లకు పద్దెనిమిది, మగపిల్లవాడికి ఇరవై ఒకటి నిండాలి. 1929లో శారదా చట్టం ఆడపిల్ల వయసు పధ్నాలుగు అన్నది. 1949లో అది పదిహేను అయింది. 1978లో పద్దెనిమిది అయింది. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం, అటువంటి పెళ్లి చేసిన పెద్దలకు, జరిపించిన పురోహితుడికి, ప్రోత్సహించినవారికి రెండేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. పద్దెనిమిది నిండని భార్యతో కాపురం చేయడం కూడా అత్యాచారం కిందికే వస్తుందని 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే తొందరపడి మీరు చేసే పెళ్లి మీ అల్లుణ్ణి కూడా ముద్దాయిని చేస్తుంది.

మీ ఊళ్లో ఎక్కడైనా ఇలాంటి పెళ్లి కుదిరిందని తెలిస్తే అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి. లేదా 1098కి ఫోను చేయండి. డబ్బు ఖర్చు కాదు, మీ పేరు బయటికి రాదు.

పెళ్లి ఇప్పటికే అయిపోయి ఉంటే

జరిగిందని ఊరుకోకండి. చదువు మాన్పించకండి. పద్దెనిమిది నిండేవరకు పిల్లను మీ ఇంట్లోనే ఉంచండి, కాపురానికి పంపవద్దు. మైనరుగా ఉండగా జరిగిన పెళ్లిని రద్దు చేయమని కోర్టును కోరే హక్కు ఆ పిల్లకు ఉంది. పద్దెనిమిది నిండాక రెండేళ్ల వరకు ఆ హక్కు ఉంటుంది.

పద్దెనిమిది నిండి కాపురానికి వెళ్లిన కొత్త జంటకు ఒక మాట: మొదటి బిడ్డను ఇరవై దాటేవరకు ఆపండి. ఆరోగ్య కేంద్రంలో నిరోధ్, మాలా–ఎన్ మాత్రలు ఉచితం. మూడు నెలలకొకసారి తీసుకునే అంతర ఇంజెక్షన్ ఉంది. ఛాయా మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తరువాత వారానికి ఒకసారి. ఎవరికి ఏది సరిపోతుందో ఏఎన్ఎం అమ్మను అడగండి. "ఏడాది తిరిగింది, ఇంకా నెల తప్పలేదా?" అని అడిగే అత్తమామలకు సమాధానం చెప్పే పని కోడలిది కాదు, కొడుకుది.

మగపిల్లవాడి సంగతి

ఆడపిల్లకు కాపలా కాస్తాం. మగపిల్లవాణ్ణి గాలికి వదిలేస్తాం. వాడికీ అడగాలనుకున్న ప్రశ్నలుంటాయి. నిద్రలో వీర్యం పోతే తనకు బలం పోతోందని లోలోపల కుమిలిపోతాడు. బస్టాండు గోడల మీద "నరాల బలహీనత" అని రాసిన వైద్యుడి దగ్గరకు దొంగతనంగా వెళ్లి డబ్బు పోగొట్టుకుంటాడు. అది జబ్బు కాదని, ఆ వయసులో అందరికీ అయ్యేదేనని తండ్రి ఒక్క మాట చెబితే చాలు.

బీడీ, గుట్కా, మందు మొదటిసారి ముట్టేది ఈ వయసులోనే, అదీ స్నేహితుల మధ్య పరువు కోసం. పద్దెనిమిది లోపు వారికి పొగాకు అమ్మడం నేరం. అయితే తండ్రి తాగిన గ్లాసు కడిగే కొడుకుకు చట్టం గురించి చెప్పి లాభం లేదు. చెప్పే ముందు మనం మానాలి.

కొడుకుకు తప్పక చెప్పవలసిన మరో మాట: ఆడపిల్ల వద్దన్నదంటే వద్దనే అర్థం. వెంటపడటం ప్రేమ కాదు. పద్దెనిమిది నిండని పిల్లతో, ఆమె ఇష్టపడినా సరే, శారీరక సంబంధం పెట్టుకుంటే 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం. ఈ సంగతి తెలియక జైలుపాలైన కుర్రాళ్లున్నారు.

చేతిలో ఫోను

ఇవాళ ఫోను లేని ఇల్లు లేదు. చదువుకూ కావాలి, వ్యవసాయానికీ కావాలి. మొత్తం లాక్కుంటే పిల్లలు చాటున వాడతారు. పూర్తిగా వదిలేస్తే ముఖం తెలియనివాడు స్నేహితుడై, ఫోటో అడిగి, తరువాత ఆ ఫోటోతోనే బెదిరిస్తాడు. పందెం ఆటలు ఇంకో ఉచ్చు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసింది. అయినా దొంగదారిన ఆడించేవారుంటారు. అప్పిచ్చే యాప్‌లూ అంతే.

రాత్రి పడుకునేటప్పుడు అందరి ఫోన్లూ, మీవి కూడా, నట్టింట్లో ఒకచోట పెట్టే అలవాటు చేయండి. బెదిరింపు వస్తే పిల్లను కొట్టకండి. డబ్బు కట్టకండి. 1930కి ఫోను చేయండి. కొడతారన్న భయం లేని పిల్ల మొదటి రోజే మీకు చెబుతుంది. భయం ఉన్న పిల్ల అంతా అయిపోయాక కూడా చెప్పదు.

ఫలితాలు వచ్చిన రోజు

ఏటా పది, ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో మనం వినకూడని వార్తలు వింటున్నాం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తరువాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అప్పు చేసి హాస్టల్లో చేర్పించిన తండ్రికి ఆశ ఉంటుంది, తప్పు కాదు. కాని, "నీ కోసం పొలం తాకట్టు పెట్టాను" అని పదేపదే వింటున్న పిల్లవాడికి, మార్కు తగ్గితే పొలం పోగొట్టింది తానే అనిపిస్తుంది. ఫలితం రాకముందే చెప్పండి: "తప్పినా మళ్లీ రాసుకోవచ్చు, సప్లిమెంటరీ ఉంది. నువ్వు ఉంటే చాలు." ఈ మాట చెప్పినందువల్ల ఏ పిల్లవాడూ చదువు మానేయడు.

పిల్ల తిండి మానేసినా, నిద్ర పోకపోయినా, తన వస్తువులు ఇతరులకు ఇచ్చేస్తున్నా, "నేను లేకపోతే మీకు బరువు తగ్గుతుంది" వంటి మాట అన్నా, ఒంటరిగా వదలకండి. సూటిగా, మెత్తగా అడగండి. 14416 నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా ఫోను చేస్తే మనసు బాధకు సలహా చెప్పేవారు తెలుగులోనే మాట్లాడతారు. పురుగుమందు డబ్బాలు ఇంట్లో, దూలాల మీద ఉంచకండి. తాళం వేసిన పెట్టెలో పెట్టండి. ఎవరైనా మింగారని అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకుండా 108కి ఫోను చేసి, డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మరి ఎలా మాట్లాడాలి?

ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే ఏ పిల్లా చెప్పదు. కలిసి పని చేస్తూ మాట్లాడండి. తల్లి పప్పు ఏరుతూ, పూలు కడుతూ. తండ్రి బండి మీద వెనక కూర్చోబెట్టుకుని వెళుతూ, చేనుకు నీళ్లు పెడుతూ. ముందు మీ సంగతి చెప్పండి: "నీ వయసులో నేనూ ఇలాగే భయపడ్డాను." తరువాత ఊరుకోండి. పిల్ల మాట్లాడేటప్పుడు మధ్యలో అడ్డుపడకండి. "ఛీ", "సిగ్గులేదూ" అన్న మాటలు ఒక్కసారి వాడితే ఆ తలుపు ఏడాది పాటు మూసుకుంటుంది.

ఒకవేళ పిల్ల, "ఫలానా మామయ్య నన్ను ఇలా తాకాడు" అంటే ముందు నమ్మండి. ఇటువంటి పనులు చేసేవారు చాలాసార్లు తెలిసినవారే, ఇంటికి వచ్చిపోయేవారే. పరువు పేరుతో కప్పిపెట్టవద్దు. తప్పు చేసినవాడిది, పిల్లది కాదు. ఒకవేళ పిల్లకు నెల తప్పిందని తెలిస్తే కొట్టకండి, నాటువైద్యుల దగ్గరకు వెళ్లకండి. నాటు మందులతో ప్రాణం పోతుంది. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లండి. అక్కడ చట్ట ప్రకారం, క్షేమంగా సహాయం దొరుకుతుంది.

మీరు అడిగే ప్రశ్నలు

"ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోరా?"
చెడిపోరు. శరీరం గురించి సరిగ్గా చెప్పినందువల్ల పిల్లలు తొందరపడతారన్నది నిజం కాదని అనేక దేశాల్లో జరిగిన పరిశీలనల్లో తేలింది. మీరు చెప్పకపోతే తెలియకుండా ఉండదు. తప్పుగా తెలుస్తుంది.

"మా అమ్మమ్మకు పధ్నాలుగేళ్లకే పెళ్లయింది. ఆమె బతకలేదా?"
బతికింది, అందుకే మీకు చెప్పగలిగింది. బతకనివాళ్లు చెప్పరు కదా! ఎన్ని కాన్పులు అయ్యాయో, ఎంతమంది బిడ్డలు దక్కారో ఆమెను ఒకసారి అడగండి. ఆమెతో పాటు కాపురానికి వెళ్లిన స్నేహితులు ఏమయ్యారో అడగండి.

"వయసు పెరిగితే కట్నం ఎక్కువ అడుగుతారు కదా?"
కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచి నేరం. చదువుకుని, నాలుగు రూపాయలు సంపాదించే పిల్లకు బేరం చేసేది మీరు కాదు, ఆమే మాట్లాడుతుంది. రక్తం లేని పిల్ల కాన్పుకు ఆసుపత్రుల చుట్టూ తిరిగే ఖర్చు కూడా లెక్క వేసుకోండి.

"ఊరివాళ్లు ఏమంటారు?"
నాలుగు రోజులు అంటారు. పిల్లకు కష్టం వచ్చిన రోజు ఆ అన్నవాళ్లు ఎవరూ మీ గుమ్మంలో ఉండరు. మీరిద్దరే ఉంటారు.

దంపతులారా! మనం మొదట చెప్పుకున్న ఆ తండ్రి ఆ రాత్రి నిద్రపోకుండా ఆలోచించే బదులు, తెల్లవారి కూతురిని బండి మీద బడికి దింపుతూ, "అమ్మా, నిన్న బస్టాపు దగ్గర ఎవరో మాట్లాడారట, ఇబ్బంది పెడుతున్నారా?" అని ఒక్క మాట అడిగి ఉంటే? ఏమో, ఆ కుర్రవాడు లెక్కల పుస్తకం అడిగి ఉండవచ్చు. వెంటపడి వేధిస్తూ ఉండవచ్చు. పిల్లకే ఇష్టం ఉండవచ్చు. ఏదైనా సరే, దానికి మందు వేరే ఉంది. పెళ్లి మాత్రం మందు కాదు.

ఈ రాత్రి అన్నాలయ్యాక మీ బిడ్డ పక్కన ఒక పావుగంట కూర్చోండి. సందేహాలుంటే మీ ఊరి ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను అడగండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పిల్లలతో కలిసి రండి. పిల్లలు ఒంటరిగా వచ్చినా తిట్టకుండా వింటారు, ఎవరికీ చెప్పరు.

గుర్తుంచుకోండి

పద్దెనిమిది నిండకుండా పెళ్లి వద్దు. ఇరవై నిండకుండా బిడ్డ వద్దు.
వారానికొక ఐరన్ మాత్ర – అమ్మాయి ఒంటికి రక్తం, రేపటి బిడ్డకు బలం.
కష్టంలో ఉన్న పిల్లలకు 1098. మనసు బాధకు 14416. ఫోను మోసాలకు 1930.
కాపలా కంటే మాట మేలు. దాపరికం లేని ఇల్లే పిల్లలకు కంచె.